చేతి అచ్చు వెండి రూపాయలు – 5వ పాఠం: నాణెం మీద రెండు సంవత్సరాలు

పోయిన పాఠం చివర్లో, మీ దగ్గరున్న ఔరంగజేబు రూపాయి మీద సంవత్సరం వెతికి ఫొటో పంపమన్నాను. ఫొటోలు బాగానే వచ్చాయి. కానీ వాటిలో చాలా నాణేలు నిన్న కొన్న పట్టీల్లా తళతళలాడుతున్నాయి. అంకెలు కనపడలేదని ఒకావిడ చింతపండు పెట్టి తోమారట. ఒకాయన నిమ్మచెక్క, ఉప్పు. ఇంకొకాయన ఏకంగా గిన్నెలు తోమే పొడి.

దయచేసి తోమకండి. ఆ నల్లదనం మూడు వందల ఏళ్లుగా వెండి మీద పేరుకున్న పొర. అది పోతే నాణెం ధర పడిపోతుంది. దాంతోపాటు అక్షరాల అంచులూ అరుగుతాయి, అంటే మీరు వెతుకుతున్న అంకే పోతుంది. మట్టి అంటుకుని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒక రాత్రి నానబెట్టి, మెత్తని గుడ్డతో అద్దండి. అద్దమన్నాను, రుద్దమనలేదు.

అంకె కనపడాలంటే వెలుతురు పక్క నుంచి పడాలి. గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చ్‌ని నాణెం అంచుకు ఆనుకునేంత కిందుగా పెట్టి, నాణేన్ని మెల్లగా తిప్పుతూ చూడండి. పై నుంచి చూసినప్పుడు చదునుగా ఉన్న చోట ఒక్కసారిగా చిన్న నీడ లేస్తుంది. అరిగిపోయాయనుకున్న పారశీక 3 అంకె పళ్లు అక్కడే దొరుకుతాయి.

అయినా దొరక్కపోతే, సంవత్సరం అసలు ఆ నాణెం మీద పడి ఉండకపోవచ్చు. టంకశాలలో వెండిని తూకానికి ముక్కలు కోసి, బిళ్ళలు చేసి, రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. అచ్చు బిళ్ళ కన్నా పెద్దది. కాబట్టి మామూలుగా రూపాయి మీద రాత మొత్తం పడదు. ‘అంచులు ఎవరో కత్తిరించారు’ అని రాసినవాళ్లు ముందు తూకం వేయండి. పెద్దగా అరగని రూపాయి 11.5 గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉంటే ఎవరూ కత్తిరించలేదు. మధ్యలో ఉన్న చిన్న గుంటలు షరాబులు వెండి పరీక్షించడానికి కొట్టిన గుర్తులు. చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం రూపాయి పంపినవాళ్లకు ఒకటే మాట: అది మిషన్ మీద కొట్టింది, ఈ పాఠాల్లోకి రాదు.

ఇక అసలు పాఠం. ఔరంగజేబు రూపాయి మీద రెండు సంవత్సరాలుంటాయి. పాదుషా పేరున్న వైపు హిజ్రీ (ముస్లిం క్యాలెండర్) సంవత్సరం. టంకశాల పేరున్న వైపు ఆయన గద్దెనెక్కాక ఎన్నో ఏడో చెప్పే జులూసు సంవత్సరం. మొదటి ఏటిని అంకెలో కాకుండా ‘అహద్’ అని రాస్తారు. పారశీక అంకెలు మళ్లీ చెప్పను, ఏ ఉర్దూ క్యాలెండర్‌లోనైనా ఉంటాయి. రాత కుడి నుంచి ఎడమకు, అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికి.

అందరూ బోర్లా పడింది నాణేన్ని తలకిందులుగా పట్టుకునే దగ్గర. ఈ అంకెల్లో 7 ఇంగ్లిష్ V లా, 8 తిరగేసిన V లా ఉంటాయి. 7ని తిప్పితే 8, 8ని తిప్పితే 7. ఒకటి ఎటు తిప్పినా ఒకటే. ఒకాయన జులూసు 71 అని రాసి, ‘చాలా అరుదైనది’ అని కూడా చేర్చారు. ఔరంగజేబు పాలన 51వ ఏట ముగిసింది, 71 ఎక్కడి నుంచి వస్తుంది? నాణేన్ని సగం తిప్పండి, 18 అవుతుంది. 81 అని చదివినవారిది 17. ఇవి తేలిగ్గా దొరికిపోతాయి, అసాధ్యమైన అంకెలు కాబట్టి. 7, 8 ఒంటరిగా ఉన్నప్పుడే అసలు టెన్షన్, రెండూ నమ్మేలా ఉంటాయి. హిజ్రీ సంవత్సరం పూర్తిగా పడి ఉంటే గుర్తు సులువు. ఈయన నాణేల మీద అది 1తోనే మొదలవ్వాలి. నిటారుగా ఉన్న ఒక సూరత్ టంకశాల రూపాయి ఫొటో పక్కన పెట్టుకోండి. సూరత్‌వి విరివిగా దొరుకుతాయి, రాత కుదురుగా ఉంటుంది. నాకు అవంటేనే ఇష్టం.

అనుమానం తీరకపోతే తీసివేత చేయండి. హిజ్రీలోంచి జులూసు తీసేస్తే 1067 గానీ 1068 గానీ రావాలి. ఇంకేదొచ్చినా చదవడం తప్పు, లేదా నాణెం అనుమానించాల్సిందే. ఆయన జులూసు ఏడు రంజాన్‌లో మారుతుంది, హిజ్రీ ఏడు మొహర్రంలో. అందుకే రెండు జవాబులు. 1085, 18 అయితే 1067, సరిపోయింది. 1086, 18 అయినా సరే. నేనైతే వేలు, వందలు వదిలేసి 85లోంచి 18 తీసేస్తాను.

హైదరాబాద్ టంకశాల రూపాయి ఒకటి వచ్చింది. 1101 స్పష్టంగా ఉంది, జులూసు 23 అని చదివారు. 1101లోంచి 23 పోతే 1078, కుదరదు. 33 అయితే 1068. మూడో పన్ను అరిగి 3 కాస్తా 2లా కనిపించింది. తీసివేత రాకపోయినా చరిత్ర తెలిస్తే పట్టుకోవచ్చు. గోల్కొండ మొగలుల చేతికి చిక్కింది 1687లో, అది 31వ జులూసు. 23లో హైదరాబాద్‌లో ఔరంగజేబు పేరున రూపాయి కొట్టేదెవరు?

క్రీస్తు శకంలోకి మార్చడానికి హిజ్రీలో నూటికి మూడు తీసేసి 622 కలపండి. ఒక ఏడు అటూ ఇటూ వస్తుంది, ఫరవాలేదు.

కొత్తగా దొరికినది పంపేటప్పుడు రెండు వైపులూ నిటారుగా, అంచు ఫొటో ఒకటి, రెండు దశాంశాల దాకా తూకం. దండలో గుచ్చడానికి కొక్కెం అతికించిన గుర్తుంటే దాచకండి. పొలంలో దొరికింది మాత్రం నాకు పంపకండి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్నది, విలువ పది రూపాయలు దాటితే, కలెక్టరుకు తెలపాలి. అమెరికాలో ఉన్న అబ్బాయికి ఇచ్చి పంపొచ్చా అని అడిగారొకరు. కూడదు. వందేళ్లు దాటిన నాణేన్ని 1972 చట్టం ప్రకారం దేశం దాటించకూడదు.

అభ్యాసం: అహద్ నుంచి 51 దాకా ప్రతి జులూసుకీ ఎదురుగా దానికి సరిపడే రెండు హిజ్రీ సంవత్సరాలు, ఆ పక్కన క్రీస్తు శకం, చేత్తో రాయండి. కంప్యూటర్‌లో చేస్తే చేతికి రాదు. ఆ తర్వాత ఏదైనా మ్యూజియం వెబ్‌సైట్‌లో ఇరవై ఔరంగజేబు రూపాయలు తీసి, కింద రాసింది చూడకుండా చదవండి. పదిహేను సరిగ్గా వచ్చినవాళ్లే వచ్చే పాఠానికి రండి. అందులో టంకశాల పేర్లు.