కసరత్తు చేసిన మర్నాడు బరువు పెరిగితే ఏం చూడాలి, ఏం చేయాలి

కాళ్లకు గట్టిగా కసరత్తు చేసిన మర్నాడు పొద్దున మిషన్ ఎక్కితే కిలో, ఒక్కోసారి కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. అది కొవ్వు కాదు, నీరు. లెక్క వేసి చూడండి. ఒంట్లో కొత్తగా కిలో కొవ్వు చేరాలంటే ఖర్చయిన దాని మీద సుమారు 7,700 క్యాలరీలు మిగలాలి. రోజుకు 2,000 ఖర్చయ్యే మనిషి ఒక్కరోజులో దాదాపు 10,000 క్యాలరీల తిండి తింటే తప్ప అది జరగదు. ఈ లెక్క తెలియక చాలామంది రెండో వారానికే జిమ్ మానేస్తారు, లేదా అన్నం మానేస్తారు. రెండూ నష్టమే.

ఆ నీరు ఎక్కడ చేరిందో తెలిస్తే ఎప్పుడు దిగుతుందో కూడా తెలుస్తుంది. మొదటి చోటు, దెబ్బతిన్న కండరం. అలవాటు లేని బరువు మోసినప్పుడు కండర పోగుల్లో సన్నని చీలికలు వస్తాయి. వాటిని బాగుచేయడానికి అక్కడికి ద్రవం చేరి కండరం కాస్త వాస్తుంది. కండరం సాగుతూ బరువు మోసే పనుల్లో ఇది ఎక్కువ. తిరుమలకు అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కినప్పటి ఆయాసం ఆ పూటకే తీరిపోతుంది. అదే దారిన నడిచి దిగితే మాత్రం తొడలు పట్టేసి, రెండు మూడు రోజులు కుర్చీలోంచి లేవడమే కష్టమవుతుంది. దిగేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువునంతా ఆపుతుంది. స్క్వాట్స్‌లో కిందికి కూర్చునే సగమూ ఇలాంటిదే. ఈ నొప్పి 24 నుంచి 72 గంటల మధ్య బాగా ముదురుతుంది. వాపు నీరు చాలామందిలో వారం లోపు దిగిపోతుంది.

రెండో చోటు గ్లైకోజెన్, అంటే కండరాల్లో, కాలేయంలో దాచి ఉంచిన పిండిపదార్థం. కసరత్తులో అది ఖర్చవుతుంది, తర్వాత తిన్న అన్నంతో మళ్లీ నిండుతుంది. ఒక గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. 200 గ్రాములు నిండితే 600 గ్రాముల నీరు కలిపి 800 గ్రాములు పెరిగినట్టు. కొన్నాళ్లు అన్నం బాగా తగ్గించి ఒక్కరోజు మామూలుగా తిన్నవాళ్లకు మిషన్ మీద ఎగిరే అంకె ఎక్కువగా ఇదే. ఇది తగ్గించుకోవాల్సింది కాదు, రేపటి కసరత్తుకు ఇంధనం.

మూడోది రక్తం. చెమట బాగా పట్టినప్పుడు మూత్రపిండాలు ఉప్పును, నీటిని పట్టి ఉంచాలని హార్మోన్లు చెబుతాయి. కొత్తగా పరుగు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగం కొన్ని వందల మిల్లీలీటర్లు పెరుగుతుంది. కసరత్తు సాగినన్నాళ్లూ ఇది ఉంటుంది, గుండెకు మేలు కూడా. దీనికి తోడు రాత్రి పెరుగన్నంలో ఆవకాయ, పక్కన అప్పడాలు ఉంటే ఆ ఉప్పు ఇంకొంత నీటిని ఆపుతుంది. క్రియాటిన్ (కండరాల బలం కోసం జిమ్‌కు వెళ్లేవాళ్లు తీసుకునే పొడి) మొదలుపెట్టినవాళ్లకు మొదటి వారంలో మరో కిలో వరకు కలవచ్చు.

ఇక బరువు చూసుకునే పద్ధతి. పొద్దున లేచి, కాలకృత్యాలు అయ్యాక, మంచినీళ్లు కూడా తాగకముందు, రోజూ ఒకే రకం తేలిక బట్టల్లో చూసుకోండి. మిషన్ చాప మీద కాకుండా గట్టి నేల మీద ఉండాలి. డిజిటల్ మిషన్‌ను జరిపిన ప్రతిసారీ ఒకసారి కాలితో నొక్కి, సున్నా వచ్చాక ఎక్కండి. జిమ్‌లో సాయంత్రం చూసిన అంకెను ఇంట్లో పొద్దున చూసిన అంకెతో పోల్చవద్దు. కొవ్వు శాతం చూపించే మిషన్లు ఒంట్లో కరెంటు ఎంత తేలిగ్గా పారిందో చూసి అంచనా కడతాయి. నీరు మారితే ఆ శాతమూ తప్పుతుంది, కాబట్టి కసరత్తు మర్నాడు దాన్ని పట్టించుకోకండి.

ఏడు రోజుల అంకెలు రాసి సగటు తీయండి. ఉదాహరణకు 72.4, 72.1, ఆ సాయంత్రం కాళ్ల కసరత్తు, తర్వాత 73.3, 73.5, 73.0, 72.3, 71.9. సగటు 72.6. కిందటి వారం సగటు 72.9 అయితే బరువు 300 గ్రాములు తగ్గింది. మధ్యలో వచ్చిన 73.5 ఒక్కటే చూసి ఉంటే ఈ సంగతి తెలిసేది కాదు. నెలసరి ముందు రోజుల్లో నీరు విడిగా చేరుతుంది కనుక, ఆడవాళ్లు ఈ వారాన్ని కిందటి నెల అదే వారంతో పోల్చాలి. కొత్త కసరత్తు పనిచేస్తోందా లేదా అన్నది నాలుగు వారాలు గడవకముందే తేల్చకండి. వారానికోసారి బొడ్డు దగ్గర టేపుతో కొలిచి రాసుకుంటే ఇంకా నమ్మకం.

నీరు చేరిందని నీళ్లు తాగడం మానకూడదు. ఎంత తాగాలో మిషనే చెబుతుంది. కసరత్తుకు ముందు 72.0, గంట తర్వాత చెమట తుడుచుకుని 71.1, మధ్యలో అర లీటరు తాగారు. అంటే పోయిన చెమట 1.4 లీటర్లు, ఇంకా లోటు 0.9. లోటుకు ఒకటింపావు నుంచి ఒకటిన్నర రెట్లు, అంటే 1.1 నుంచి 1.35 లీటర్ల వరకు మూడు నాలుగు గంటల్లో కొద్దికొద్దిగా తాగండి. అందులో రెండు గ్లాసులు పలుచని మజ్జిగ అయితే మంచిది. గంట లోపు కసరత్తుకు విడిగా ఉప్పు అక్కర్లేదు, భోజనంలోది చాలు. కసరత్తు ముగిసేసరికి బరువు మొదటికంటే పెరిగితే తాగింది ఎక్కువైందని అర్థం, వచ్చేసారి తగ్గించండి.

మర్నాడు పూర్తిగా పడుకోకుండా 20, 30 నిమిషాలు మెల్లగా నడవండి. పట్టేసిన కండరానికే మళ్లీ గట్టి బరువు పెట్టడానికి కనీసం 48 గంటలు ఆగండి. నొప్పి మాత్రలు అలవాటుగా వేసుకోవద్దు. ఇబుప్రోఫెన్ లాంటివి ఉప్పును, నీటిని ఒంట్లో ఆపుతాయి, చెమటతో నీరు తగ్గి ఉన్నప్పుడు మూత్రపిండాలకు చేటు చేస్తాయి.

కొన్ని సందర్భాల్లో మాత్రం ఇంట్లో కూర్చోకూడదు. మూత్రం కోలా రంగులోకి మారి, కండరాలు విపరీతంగా వాచి, బలం లేకుండా పోతే కండరం కరిగి రక్తంలో కలుస్తోందేమో చూడాలి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఎక్కువసేపు పరుగెత్తి బాగా నీళ్లు తాగాక తలనొప్పి, వాంతులు, తికమక మొదలైతే రక్తంలో సోడియం, అంటే ఉప్పు, పడిపోయి ఉండవచ్చు. ఆ మనిషికి ఇంకా నీళ్లు పట్టించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒక్క కాలే వాచినా, పాదాల దగ్గర వేలితో నొక్కితే గుంట పడినా, పడుకుంటే ఆయాసం వచ్చినా అది కసరత్తు వల్ల చేరిన నీరని సరిపెట్టుకోవద్దు. గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు ఒక్కరోజులో కిలోకు మించి, లేదా వారంలో రెండు కిలోలకు మించి పెరిగితే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.