రాగి వన్నె బెట్టా పెంపకం – ఐదవ పాఠం: నీలి ఆడచేప దగ్గర జరిగిన పొరపాటు

గత పాఠం తరువాత తిరుపతి, శ్రీకాళహస్తి, పలమనేరు వైపుల నుంచి మీలో చాలామంది బెట్టా (ఫైటర్) చేపపిల్లల ఫోటోలు పంపారు. తండ్రి మేలిమి కాపర్ (రాగి వన్నె చేప) అయినా ఈత, అంటే ఒకసారి పుట్టిన పిల్లలు, మొత్తం నీలంగానే వచ్చిందని, ఒక్క పిల్లకైనా రాగి రంగు రాలేదని వాటితో పాటు రాశారు. కొందరు మగ చేప నకిలీదేమోనని అనుమానించి దానిని తిరిగి ఇచ్చేయడానికి కూడా సిద్ధపడ్డారు. దయచేసి ఆ పని చేయకండి. రాగి పిల్లలను ఏరుకునే పద్ధతిని ఈ పాఠంలో చెప్పవలసి ఉంది, కానీ ఏరుకోవడానికి రాగి పిల్లలే లేనప్పుడు ఆ పాఠంతో ప్రయోజనం లేదు కనుక దానిని వచ్చేసారికి వాయిదా వేసి, ఆడచేప ఎంపిక దగ్గర ఏం జరిగిందో ముందుగా పరిశీలిద్దాం. గుడ్లు పెట్టించడం, నురగ గూడు, తొలి మేత సంగతులు మీకు వచ్చినవే కాబట్టి వాటి జోలికి వెళ్ళను.

కాపర్ అనేది ఒకే జన్యువుతో వచ్చే రంగు కాదు. రెండు వేర్వేరు లక్షణాలు ఒక చేపలో కలిసినప్పుడే అది కనిపిస్తుంది. మొదటిది నీలి వర్గం. తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి చొప్పున వచ్చే రెండు మోతాదులూ స్టీల్ అయితే చేప బూడిద కలిసిన నీలంగా, అంటే స్టీల్ బ్లూగా ఉంటుంది. రెండూ టర్కాయిజ్ అయితే పచ్చదనం గల టర్కాయిజ్ అవుతుంది. చెరొకటి వస్తే ముదురు నీలపు రాయల్ బ్లూ అవుతుంది. రెండవది మెటాలిక్ లక్షణం, అంటే ఒంటి మీది లోహపు మెరుపు. ఇంబెల్లిస్ వంటి అడవి బంధు జాతులతో సంకరం చేసినప్పుడు ఇది పెంపుడు బెట్టాలలోకి వచ్చిందని పెంపకందారుల అభిప్రాయం. అందువల్లనే మామూలు నీలి ఫైటర్లలో చాలావాటికి ఈ లక్షణం ఉండదు. స్టీల్ రెండు మోతాదులు, మెటాలిక్ రెండు మోతాదులు ఒకే చేపలో చేరినప్పుడు మనం కోరుకునే నిండు కాపర్ వస్తుంది. స్టీల్ మీద మెటాలిక్ ఒక్క మోతాదే ఉంటే లేత మెరుపు గల స్టీల్ చేప వస్తుంది, దానినే కాపర్ అనుకుని మోసపోయేవారు ఎక్కువ.

ఇప్పుడు మీ టబ్బులలో జరిగింది చూడండి. కాపర్ మగ చేపకు టర్కాయిజ్ ఆడచేపను జత చేస్తే ప్రతి పిల్లకూ తండ్రి నుంచి స్టీల్, తల్లి నుంచి టర్కాయిజ్ అందుతాయి కాబట్టి ఈత మొత్తం రాయల్ బ్లూ అవుతుంది, మెటాలిక్ కూడా ఒక్క మోతాదుతోనే ఆగిపోతుంది. అందులో రాగి పిల్ల పుట్టే అవకాశమే లేదు. రాయల్ ఆడచేపను జత చేసినవారికి సగం పిల్లలు స్టీల్‌గా, సగం రాయల్‌గా వస్తాయి, మెటాలిక్ మాత్రం అన్నిటికీ ఒక్క మోతాదే. నిజమైన స్టీల్ ఆడచేపను వాడినా తొలి తరంలో నిండు కాపర్ రాదు. అయితే ఆ తరం కూతురిని తండ్రికే జత చేస్తే రెండవ తరంలో సగం పిల్లలు కాపర్ అవుతాయి. టర్కాయిజ్ తల్లికి పుట్టిన కూతురిని అదే తండ్రికి జత చేస్తే నాలుగింట ఒక వంతు వస్తాయి. ఆ టర్కాయిజ్ తల్లి పిల్లలలోనే అన్నాచెల్లెళ్ళను జత చేస్తే పదహారింట ఒక్కటి, అంటే 80 పిల్లలు బతికిన ఈతలో దాదాపు 5. తండ్రిని అమ్మవద్దని నేను మొదటి పాఠం నుంచీ పట్టుబట్టడానికి కారణం ఇదే.

అయితే స్టీల్ ఆడచేపను తీసుకోమని ముందు పాఠాలలో అంత స్పష్టంగా చెప్పినా టర్కాయిజ్ ఎందుకు ఇంటికి వచ్చింది? నన్ను ఎక్కువగా బాధించే విషయం ఇదే కనుక కాస్త వివరంగానే చెబుతాను. మన వైపు దుకాణాలకు చేపలు ఎక్కువగా చెన్నై కొళత్తూరు నుంచి వస్తాయి. రవాణా సంచులలోని నీళ్ళలో తరచుగా మిథిలీన్ బ్లూ మందు కలిపి ఉంటుంది. ఆ నీటిలో ఏ చేపైనా అసలు కంటే నీలంగా కనిపిస్తుంది. సంచి నుంచి తీసి సీసాలో వేశాక దాని మీద నీలి ఎల్‌ఈడీ దీపం పడుతుంది. బెట్టా నీలం రంగుద్రవ్యం వల్ల వచ్చేది కాదు. చర్మకణాలలోని గ్వానిన్ పలకల మీద పడిన వెలుతురు తిరిగి వచ్చే తీరును బట్టి అది కంటికి ఏర్పడుతుంది. వెలుతురు మారినా, అది పడే కోణం మారినా రంగు మారినట్టే కనిపిస్తుంది. నీలి దీపం కింద స్టీల్ చేప రాయల్‌లా ముదురుగా కనిపిస్తుంది, టర్కాయిజ్‌లోని పచ్చదనం అణగిపోయి అది కూడా రాయల్‌లాగే అనిపిస్తుంది. అంటే మూడు వేర్వేరు చేపలు అక్కడ ఒకే రంగుగా కనిపిస్తాయి, మీరు వాటిలో అందమైనదానిని ఎంచుకుంటారు. అది చాలాసార్లు టర్కాయిజే అవుతుంది, ఎందుకంటే మూడింటిలో తక్కువ ఆకర్షణ స్టీల్‌ది.

అందుకని దుకాణదారుని అడిగి చేపను మందు లేని మంచినీళ్ళతో ఉన్న గాజు సీసాలోకి మార్పించండి. దానిని గుమ్మం దగ్గరికి తెచ్చి, వెనుక తెల్ల కాగితం పెట్టి, వెలుతురు మీ భుజం మీదుగా చేప మీద పడేలా నిలబడండి. ఎండ నేరుగా పడని ఉదయపు వెలుతురు అన్నిటికంటే మేలు. సీసా మార్చగానే బెదిరిన ఆడచేప వెలిసిపోయి ఒంటి మీద తలనుంచి తోకదాకా అడ్డంగా గీతలు తేలుతాయి, ఆ గీతలు పోయేదాకా తీర్పు చెప్పకండి. చూడవలసింది రెక్కలను కాదు. మొప్పల వెనుక, ఒంటి నడుమ ఉన్న పొలుసులను చూడాలి. తరువాత చేతి టార్చిని మీ కంటి పక్కనే పట్టుకుని వెలుగు వేయండి. టర్కాయిజ్ అయితే పొలుసు అంచున పచ్చదనం ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. స్టీల్ అయితే వెండి కలిసిన బూడిద రంగే తప్ప ఏ కోణంలోనూ పచ్చ కనిపించదు. ఇదే టార్చి కింద నిండు కాపర్ చింతపండుతో తోమిన రాగి చెంబులా పసుపు, ఎరుపు కలిసిన మెరుపునిస్తుంది. ఈ టార్చి పరీక్ష నాకు అలవాటైన దగ్గరి దారి. ఇంట్లో రాత్రిపూట సీసాలన్నిటినీ నేను ఇలాగే వేరు చేసుకుంటాను. దీనితో పాటు మీకు ఖాయంగా తెలిసిన కాపర్ మగ చేపను పక్క సీసాలో ఉంచి పోల్చితే సందేహం చాలావరకు తీరుతుంది.

ఆడచేప రెక్కల మొదట్లో ఎరుపు ఉంటే, అది స్టీలే అయినా వదిలేయండి. కాపర్ పిల్లల పొట్ట రెక్కలలోకి దిగిన ఎరుపును తొలగించడానికి తరాలు పడుతుంది. మెటాలిక్ పొర దట్టంగా ఉన్న వంశాలలో ఆ పొర కంటి మీదికి కూడా పాకుతుంది, కాబట్టి మగ చేప కళ్ళు నిర్మలంగా ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. రెక్కల విషయంలో నా మొగ్గు పొట్టి రెక్కల ప్లకాట్ వైపే. రాగి మెరుపు ఒంటి మీద పండుతుంది, ఆ ఒళ్ళు కనిపించాలి. పైగా గుడ్లను గూట్లోకి చేర్చే పనిలో పొడవు రెక్కలు మగ చేపకు అడ్డం.

ఇప్పుడు పుట్టిన నీలి పిల్లలను పారేయకండి. వాటిలో ఒంటి మెరుపు ఎక్కువగా, ఎరుపు తక్కువగా ఉన్న ఆడపిల్లలను నాలుగైదింటిని వేరు చేసి పెంచండి. తండ్రికి జత చేయవలసినవి అవే. ఎండాకాలంలో మేడ మీది టబ్బులలో వాటిని ఉంచవద్దు.

అభ్యాసం ఈసారి శ్రమతో కూడినది. ముందుగా కాగితం మీద పని: అన్నాచెల్లెళ్ళయిన రెండు రాయల్ చేపలు, రెండింటికీ మెటాలిక్ ఒక్కొక్క మోతాదు ఉన్నవి, జత కడితే పుట్టే పిల్లలు మొత్తం తొమ్మిది రకాలు. ఒక్కొక్క రకం పదహారింట ఎన్ని వంతులో మీరే లెక్క వేసి, మొత్తం పదహారు వచ్చిందో లేదో సరిచూసుకోండి. ఆ తరువాత ఏదైనా దుకాణంలో ఆరు నీలి ఆడచేపలను ఎంచుకుని, ఒక్కొక్కదానిని దుకాణపు దీపం కింద, గుమ్మం వెలుతురులో, టార్చి వెలుగులో విడివిడిగా చూసి, మూడుసార్లూ మీరు ఏ రంగు అనుకున్నారో అక్కడికక్కడే రాయండి. మొదట రాసినదానిని తరువాత దిద్దకండి, తేడా ఎక్కడ వస్తోందో నాకు తెలియాలి. రెండవ తరం పిల్లలు ఇప్పటికే ఉన్నవారు మూడు నెలలు నిండాక ప్రతి పిల్లకూ సంఖ్య ఇచ్చి, ఏ రకంలో ఎన్ని ఉన్నాయో రాసి పంపండి. అంతకంటే ముందు ఒక్క మోతాదు మెటాలిక్‌నూ నిండు కాపర్‌నూ వేరు చేయడం కష్టం. ఫోటోలు మాత్రం పగటి వెలుతురులో తీసినవే పంపాలి. ఎల్‌ఈడీ కింద తీసిన ఫోటో చూసి నేను ఏ చేప రంగూ చెప్పను.