యాక్సిడెంట్ కేసులో లాయర్ వీసా ఎందుకు అడుగుతారు?

అమెరికా వచ్చిన కొత్తలో ఏ యాక్సిడెంటో, డబ్బు తగాదాయో కోర్టు దాకా వెళ్తే, "గ్రీన్ కార్డు ఉందా?" అని మీ లాయర్ అడగొచ్చు. ఆ మాట వినగానే కంగారుపడి జవాబు దాటేయకండి. కేసు ఏ కోర్టులో నడవాలన్నది ఒక్కోసారి దాని మీదే తేలుతుంది.

ఇలాంటి తగాదాలు మామూలుగా రాష్ట్ర కోర్టులవే. కానీ రెండు పక్షాలవాళ్లూ వేర్వేరు రాష్ట్రాల పౌరులైనా, ఒకరు అమెరికన్, ఇంకొకరు విదేశీయులైనా, దావా 75,000 డాలర్లు దాటితే ఫెడరల్ (కేంద్ర) కోర్టుకూ వెళ్లొచ్చు. బయటివాళ్లకు స్థానిక కోర్టులో అన్యాయం జరగకూడదని 1789 నుంచీ ఉన్న ఏర్పాటిది. అప్పట్లో హద్దు 500 డాలర్లు.

మీరు డాలస్‌లో హెచ్‌-1బీ మీద ఉన్నారనుకుందాం. టెక్సాస్‌లోనే స్థిరపడిన అమెరికన్ పౌరుడొకరు మీ కారును గుద్దారు. నష్టం హద్దు దాటితే మీరు ఫెడరల్ కోర్టులో దావా వేయొచ్చు. అదే మీకు గ్రీన్ కార్డు ఉండి, మీ ఇల్లూ టెక్సాస్‌లోనే అయితే ఆ దారి మూసుకుపోతుంది. దావా వేసిన రోజుకు మీ స్థితి ఏమిటన్నదే లెక్క కాబట్టి తేదీలు సరిగ్గా చెప్పండి.

మనవాళ్ల మధ్య చేబదుళ్ల గొడవలకు ఇది పనికిరాదు. ఒకరు హెచ్‌-1బీ, ఇంకొకరు గ్రీన్ కార్డు అయినా ఇద్దరూ భారత పౌరులే. లక్ష డాలర్ల అప్పయినా రాష్ట్ర కోర్టుకే పోవాలి. విడాకులు, భరణం, పిల్లల కస్టడీ కూడా అంతే, ఎవరు ఏ దేశం వాళ్లయినా సరే.

మీరు రాష్ట్ర కోర్టులో వేసిన కేసును అవతలివాళ్లు ఫెడరల్ కోర్టుకు మార్చుకోవచ్చు. సాధారణంగా దావా కాగితాలు అందిన 30 రోజుల్లోపు మార్చుకోవాలి. అయితే ఈ పౌరసత్వాల తేడా ఒక్కటే ఆధారమై, అవతలివాళ్లు కేసు వేసిన రాష్ట్రం వాళ్లే అయితే, వాళ్లకు ఆ వీలుండదు. కేసు అలా మార్చినప్పుడు వచ్చే కాగితం మీద "నోటీస్ ఆఫ్ రిమూవల్" అని ఉంటుంది. అది చూసి దేశం నుంచి పంపేస్తున్నారనుకుని హడలిపోకండి. కదిలేది కేసు ఫైలు మాత్రమే. తీర్పుకు ఆధారం రాష్ట్ర చట్టమే, కానీ గడువులూ పద్ధతులూ మారతాయి. ఆ మార్పులో లోపం ఉందనిపిస్తే అభ్యంతరం చెప్పడానికి చాలావాటికి 30 రోజులే గడువు. అందుకే కాగితం చేతికందిన రోజే ఫొటో తీసి లాయర్‌కు పంపండి.