రెండు ఇళ్ల కుక్కలు ఒకే గడపలోకి వస్తే: ఏ గొడవకు ఏది కారణం, ఏం చెయ్యాలి

నిరుడు శ్రావణంలో మేమిద్దరం పెళ్లి చేసుకున్నాం. ఇద్దరికీ రెండో పెళ్లే. నెల్లూరు వేదాయపాలెంలో నేను, మా అమ్మ, మా బాబు, మా కుక్క కర్రోడు ఉండే ఇంటికి ఒంగోలు నుంచి ఆయన, ఆయన కూతురు, వాళ్ల కుక్క మల్లి వచ్చారు. ఒంగోలు బస్టాండు వెనక కాలు విరిగి పడున్న మల్లిని ఆ పాపే ఎత్తుకొచ్చి సాకింది. కర్రోడు నాకు పెన్నా వంతెన కింద డొక్కలెండిపోయి దొరికాడు. రెండూ వీధిలో దెబ్బలు తిన్న ప్రాణాలే. మీ ఇంట్లోనూ ఇలాంటి కలయిక జరుగుతుంటే, మాకు ఎదురైనవి, మేం సరిదిద్దుకున్నవి ఇవి.

ఎదురుపడితే చాలు, మీదపడి కరుచుకుంటున్నాయి

ఇందులో తప్పు మాదే. సామాను ఆటో దిగగానే గేటు తీసి మల్లిని లోపలికి వదిలాం. కర్రోడి లెక్కలో అది వాడి ఇంట్లోకి చొరబడ్డ పరాయి కుక్క. నిమిషంలో మల్లి చెవి చిరిగింది.

కుక్కల మొదటి పరిచయం ఇంట్లో కాదు, రెండింటికీ సొంతం కాని చోట జరగాలి. మేం మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. తెల్లారి ఆరు లోపే మా వీధికి దూరంగా ఉన్న ఖాళీ లేఅవుట్‌కి వెళ్లేవాళ్లం. కర్రోడి తాడు నా చేతిలో, మల్లి తాడు ఆయన చేతిలో. మధ్యలో ఇరవై అడుగుల ఎడం. ఇద్దరం ఒకే వైపు నడవాలి, ఎదురెదురుగా మాత్రం వద్దు. ఎదురుగా వచ్చి కళ్లలోకి చూడటం కుక్కలకు సవాలు. ఒకదాన్ని చూసి ఇంకోటి బిగుసుకుపోతే ఎడం పెంచాలి. తోక వదులై, నేల వాసన చూసుకుంటూ నడుస్తుంటే మర్నాడు రెండడుగులు తగ్గించాలి. పక్కపక్కన నడవడానికి మాకు మూడు వారాలు పట్టింది. ఎండల్లో అయితే ముందు మీ అరచేతి వెనక భాగం రోడ్డు మీద ఐదు సెకన్లు పెట్టి చూడండి. మీకు కాలితే వాటి పాదాలూ కాలతాయి. రోహిణి కార్తెలో మన దగ్గర తొమ్మిదింటికే ఆ పరిస్థితి.

ఆ మూడు వారాలూ ఇంట్లో వేర్వేరు గదులే. నడవలో నడుము ఎత్తు చెక్క అడ్డు పెట్టించాం. రోజూ కర్రోడు పడుకున్న దుప్పటి మల్లి గదిలో, మల్లిది కర్రోడి దగ్గర వేశాం. మొహం కంటే ముందు వాసన అలవాటు కావాలి.

పోట్లాట మొదలైతే మధ్యలో చెయ్యి పెట్టొద్దు, మెడ బెల్టు పట్టుకుని లాగొద్దు. ఆ ఆవేశంలో ఎవరి చెయ్యో వాటికి తెలియదు. బక్కెట్టు నీళ్లు కుమ్మరించండి, లేదా కుర్చీ అడ్డం తొయ్యండి. విడిపోయాక ఆ రోజంతా వేరుగానే ఉంచండి.

గిన్నె దగ్గర గుర్రుమంటోంది

ఇది పొగరు కాదు. చెత్తకుప్ప దగ్గర దొరికిన ముద్దని ఇంకో కుక్క లాక్కుపోవడం చూసిన ప్రాణానికి గిన్నె దగ్గరికి ఎవరొచ్చినా భయమే. వేర్వేరు గదుల్లో, తలుపులు మూసి తిండి పెట్టండి. పావుగంట అయ్యాక ఖాళీ గిన్నెలు తీసెయ్యండి. ఎముకలు, బొమ్మలు నేల మీద వదలొద్దు.

గుర్రుమన్నందుకు కొట్టొద్దు, ఇది చేతులెత్తి చెబుతున్నాను. గుర్రు అనేది "దగ్గరికి రావద్దు" అని అది మనకు ముందుగా చెప్పే మాట. కొడితే ఆ మాట మానేస్తుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది. ఈసారి చెప్పకుండానే కరుస్తుంది.

మాకు ఇక్కడ ఇంకో చిక్కు కూడా ఉండేది. మా అమ్మ రెండింటికీ చాటుగా చేపల పులుసన్నం పెట్టేది. అడిగితే "ఆకలిగొన్న నోరు గదమ్మా, రెండు ముద్దలు పెడితే ఏమైద్ది?" అనేది. పులుసులో ఉల్లిపాయ ఉంటుంది. అది కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. ముళ్లు గొంతులో గుచ్చుకుంటాయి. పైగా ఆ రెండు ముద్దల కోసం వంటింటి గుమ్మంలో రోజూ యుద్ధం. అమ్మతో పోట్లాడకుండా, ఉప్పు కారం లేని ఉడికిన కోడిమాంసం, అన్నం కలిపి వేళకు సిద్ధం చేసే పని ఆమెకే అప్పగించాం. గుమ్మం దగ్గర గొడవ ఆగింది.

కొత్త మనిషిని దగ్గరికి రానివ్వడం లేదు

నేను ఆయన పక్కన కూర్చుంటే మల్లి మధ్యలో దూరి పళ్లు చూపించేది. గిన్నెని కాపలా కాసినట్టే మనిషినీ కాస్తుంది. నేను దాన్ని నెట్టినా, ఆయన నిమిరి బుజ్జగించినా గొడవ ముదిరింది. పనిచేసింది ఒక్కటే: అది గుర్రుమన్న మరుక్షణం ఆయనే ఏమీ అనకుండా లేచి పక్క గదికి వెళ్లిపోవడం. కాపలా కాస్తే కాపలా కాసే మనిషే ఉండడని మల్లికి పది రోజుల్లో అర్థమైంది.

దానితో పాటు చేతులు మార్చాం. మల్లికి తిండి నేను పెట్టాను, కర్రోడికి ఆయన. సాయంత్రం కర్రోణ్ణి తిప్పడం పాప వంతు. మా బాబుకి మల్లి అంటే భయం, మల్లికి వాడంటే భయం. వాణ్ణి రోజూ మెట్టు మీద దాని వైపు వీపు పెట్టి కూర్చోమన్నాం. అరచేతిలో ఉడికిన గుడ్డు ముక్క, చెయ్యి వెనక్కి చాపి. చూడొద్దు, పిలవొద్దు. తొమ్మిదో సాయంత్రం తడి ముక్కు వాడి వేళ్లకు తగిలింది. వాడు ఊపిరి బిగపట్టి, మొహం మాత్రం నా వైపు తిప్పి నవ్వాడు. పాప తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది. ఆ రోజే వాళ్లిద్దరూ మొదటిసారి ఒకే కంచంలో బజ్జీలు తిన్నారు.

ఇంట్లో ఉచ్చ పోస్తున్నాయి

కొత్త చోట బెదురు, లేదా వాసనతో గుర్తు పెట్టుకోవడం. నిద్ర లేవగానే, తిన్నాక బయటికి తీసుకెళ్లండి. ఫినాయిల్ పైపై వాసనే మారుస్తుంది. వెనిగర్ కలిపిన నీళ్లతో కడగండి. రెండింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఇలా గుర్తులు పెట్టడం తగ్గే అవకాశం ఉంది. మాటిమాటికీ కొంచెం కొంచెం పోస్తుంటే అది జబ్బు కావచ్చు, పశువుల డాక్టరుకు చూపించండి.

మూల పడుకుంటోంది, ముట్టుకుంటే కరవబోతోంది

కర్రోడు అలా చేస్తే అలిగాడనుకుని మూడు రోజులు పోగొట్టాం. పిడుదుల వల్ల వచ్చే జ్వరం అది. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. తిండి మానడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కులోంచి రక్తం కారడం కనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. మనుషులు వేసుకునే నొప్పి మాత్రలు ఇవ్వొద్దు, పారాసిటమాల్ కూడా.

ఇంట్లో ఎవరినైనా కరిస్తే

సొంత కుక్కే కదా అని ఊరుకోవద్దు. సబ్బుతో, కారే కుళాయి నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టండి, చెప్పిన తేదీలన్నీ పూర్తి చెయ్యండి. కుక్కలకు ఏటా టీకా పడాలి.

నెలలు గడిచినా కలవడం లేదు

కొన్ని కుక్కలు ఎప్పటికీ స్నేహం చెయ్యవు. రక్తం వచ్చే పోట్లాటలు ఆగకపోతే డాక్టరు సలహాతో వంతులు వేసి, వేర్వేరు గదుల్లో పెంచండి. అదీ బతుకే. మా మల్లి, కర్రోడు ఒకదాని మీద ఒకటి పడుకునే రకం కాదు. నడవలో చెక్క అడ్డు ఇంకా తియ్యలేదు. మధ్యాహ్నాలు దానికి అటు ఒకటి, ఇటు ఒకటి, వీపులు చెక్కకు ఆనించి నిద్రపోతాయి.