పికప్ బండి మలుపుల్లో ఊగకుండా సస్పెన్షన్ మార్చడం ఎలా?

గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తుగా పేర్చుకుని వెళ్లే పికప్‌లు మలుపు తిరిగేటప్పుడు ఎంత ఒరుగుతాయో చూసే ఉంటారు. దీనికి అందరూ చేయించేది ఒకటే: వెనక కమాన్ కట్టలో (ఇనుప పట్టీల స్ప్రింగులో) ఇంకో రెండు పట్టీలు వేయించడం. అది చేయకండి. బండి ఎత్తు లేచి బరువు ఇంకా పైకి పోతుంది. ఖాళీగా వచ్చేటప్పుడు చిన్న గుంతకే వెనక చక్రాలు ఎగిరి పట్టు తప్పుతాయి. పోనీ ఎక్కువ లోడు వేయొచ్చా అంటే, బ్రేకులు, యాక్సిలు పాతవే, ఆర్‌సీలో రాసిన బరువూ అదే. మార్చాల్సింది షాకబ్జర్లు, కట్ట చివరల్లో ఉండే రబ్బరు బుష్షులు. కట్టలు కుంగిపోయి ఉంటే కంపెనీ కొలతవే కొత్తవి వేయించండి.

సామానంతా విజయవాడ ఆటోనగర్‌లో దొరుకుతుంది. షాకబ్జర్లు గ్యాస్‌వే తీసుకోవాలి. గతుకుల్లో లోడుతో చాలాసేపు నడిస్తే మామూలువాటిలో నూనె నురగెత్తి పట్టు సడలిపోతుంది. రెండు పక్కలా జతగా మార్చాలి. రబ్బరు బుష్షులు, కట్టను యాక్సిల్‌కు పట్టి ఉంచే కొత్త యూ బోల్టులు, ఎంత గట్టిగా బిగించామో చూపే టార్క్ రెంచి, జాకీ, రెండు స్టాండ్లు కావాలి. పాత యూ బోల్టులు మళ్లీ వాడొద్దు, ఒకసారి బిగించాక అవి సాగిపోతాయి.

ముందురోజు రాత్రే నట్లకు తుప్పు వదిలే స్ప్రే కొట్టండి. చదునైన చోట బండి ఆపి, ముందు చక్రాలకు అడ్డు పెట్టి, ఛాసిస్‌ను స్టాండ్ల మీద నిలపండి. యాక్సిల్‌ను జాకీతో ఆనించి, ఒక పక్క పని పూర్తయ్యాకే రెండో పక్కకు వెళ్లండి. షాకబ్జర్ మార్చడం తేలికే. కట్ట దించి, పాత బుష్షులు ప్రెస్‌తో తీయించి కొత్తవి ఎక్కించండి.

అసలు పని పాడయ్యేది బిగింపు దగ్గర. కట్ట ఎక్కించేటప్పుడు, పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్టు తల యాక్సిల్ సీటు గుంటలో సరిగ్గా కూర్చోవాలి. చేత్తో తడిమి చూడండి. అది పక్కకు కూర్చుంటే యాక్సిల్ వంకరగా నిలిచి బండి ఒక పక్కకు లాగుతుంది. యూ బోల్టు నట్లను ఒకదాని తర్వాత దాని ఎదుటిది చొప్పున, కొంచెం కొంచెంగా బిగించాలి.

కట్ట చివరల బోల్టులు, షాకిల్ (కట్టను ఛాసిస్‌కు కలిపే ఊగే లింకు) బోల్టులు మాత్రం బండి గాల్లో ఉండగా గట్టిగా బిగించకూడదు. చేత్తో తిరిగినంతే తిప్పి వదిలేయండి. చాలామంది మెకానిక్‌లు ఎయిర్ గన్ పెట్టి అక్కడే బిగించేస్తారు. కట్ట వేలాడే స్థితిలో రబ్బరు బిగుసుకుంటుంది. బండి కిందికి దిగగానే అది మెలిపడుతుంది, ఆ మెలికతోనే రోజంతా నడుస్తుంది, కొద్ది నెలల్లో చిరిగిపోతుంది. తప్పు బుష్షు మీదికి పోతుంది. చక్రాలు బిగించి, బండిని నేల మీదికి దించి, వెనక బాడీని నాలుగుసార్లు నొక్కి వదలండి. బరువు చక్రాల మీద కుదురుకున్నాక, మీ బండి మాన్యువల్‌లో ఉన్న టార్క్ అంకెకే బిగించండి.

లోడుతో ఒకసారి గుంటూరు వెళ్లి వచ్చాక యూ బోల్టులను అదే టార్క్‌కు మళ్లీ చూడాలి, కట్ట సర్దుకుని అవి సడలుతాయి. వెనక ఎత్తు మారితే లోడును బట్టి బ్రేకు సర్దే వాల్వు లింకునూ సరిచేయించండి. లేకపోతే లోడున్నా ఖాళీ బండి అనుకుని అది వెనక బ్రేకు తగ్గించేస్తుంది. హెడ్‌లైట్ల ఎత్తు, వీల్ అలైన్‌మెంట్ అదే రోజు చూపించండి.