ప్రభుత్వ ఆన్‌లైన్ టెండర్ వేసే ముందు ఇవి చూసుకోండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో కొట్టు, సరిహద్దు గీత దాటితే ఆంధ్రాలోని పాతపట్నంలో గోదాం ఉన్నవాళ్లకు మొదటి చిక్కు జీఎస్టీ దగ్గరే. ఒడిశా నంబరు 21తో, ఆంధ్రాది 37తో మొదలవుతుంది. బిల్లు ఏ నంబరు మీద ఇస్తారో అదే టెండర్లోనూ పెట్టండి.

తర్వాత పేరు. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరం, ఉద్యం సర్టిఫికెట్‌లో (చిన్న సంస్థల రిజిస్ట్రేషన్) ఇంకోలా ఉంటే పరిశీలనలో కొర్రీ వేస్తారు. ముందే సరిచేయించుకోండి.

డిజిటల్ సంతకం క్లాస్ 3ది కావాలి, గడువు చూసుకోండి. వారం ముందే టోకెన్ (సంతకం ఉండే యూఎస్‌బీ) కంప్యూటర్‌కు గుచ్చి టెండర్ పోర్టల్‌లోకి వెళ్లి చూడండి. చివరి రోజు టోకెన్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మొరాయిస్తే నెట్ సెంటర్ అబ్బాయి కూడా ఏమీ చేయలేడు.

ఉద్యం ఉంది కదా, ధరావతు (టెండర్‌తో కట్టే డిపాజిట్, ఈఎండీ) కట్టక్కర్లేదనుకోవడం పెద్ద పొరపాటు. కేంద్ర శాఖల్లో ఆ మినహాయింపు సరుకులు, సేవలకే. రోడ్డు, భవనం లాంటి పనులకు వర్తించదు. రాష్ట్ర టెండరైతే అందులో రాసిందే లెక్క. కట్టాల్సి వస్తే రెండు మూడు రోజులు ముందే కట్టండి, బ్యాంకు నుంచి చేరడానికి టైం పడుతుంది.

ధరల ఎక్సెల్ ఫైలు పేరు మార్చొద్దు, గళ్లు చెరపొద్దు; అలా చేస్తే అప్‌లోడ్ కాదు. ధర టెక్నికల్ కవర్లో (అర్హత పత్రాలు పెట్టే భాగం) కనబడిందా, బిడ్ పోయినట్టే. రేటులో జీఎస్టీ కలిసిందో లేదో రెండుసార్లు చదవండి.

అన్నీ ఎక్కించాక ‘ఫ్రీజ్’ (బిడ్ ఖరారు చేసే బటన్) ఉన్న పోర్టల్లో అది నొక్కితేనే బిడ్ వేసినట్టు. రసీదు దాచుకోండి. గడువులోగా సవరణ ప్రకటన వచ్చిందేమో రోజూ చూడండి.