కొండపల్లి బొమ్మల మీద ఫీల్డ్‌వర్క్ ఎలా చేయాలి?

మొదటిసారి నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. విజయవాడలో బస్సెక్కి కొండపల్లిలో దిగి, కనిపించిన మొదటి బొమ్మల దుకాణంలో రికార్డర్ ఆన్ చేసి "ఈ కళ చరిత్ర చెప్పండి" అన్నాను. ఆయన తలెత్తకుండానే గడగడా చెప్పేశారు: పూర్వీకులు రాజస్థాన్ నుంచి వచ్చారు, ఆర్యక్షత్రియులు, ముక్తరుషి సంతతి. సంబరపడ్డాను. తర్వాత రెండు చోట్లా ఇంచుమించు ఇవే మాటలు! వచ్చిన ప్రతివాళ్లకీ అప్పజెప్పి అప్పజెప్పి నోటికొచ్చిన పాఠం అది. రాసుకోండి, తమ గురించి తాము ఏం చెప్పుకుంటారో అదీ ముఖ్యమే. కానీ దాంతో పని అయిపోయిందనుకోవద్దు.

వెళ్లేముందు చదవాల్సింది కొంత ఉంది. కొండపల్లి 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది కాబట్టి పాత రికార్డులను కృష్ణా జిల్లా పేరు మీదే వెతకాలి. బెజవాడలో లేపాక్షి (ప్రభుత్వ హస్తకళల) షోరూముకు వెళ్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీత కార్మికుడు ఏ ధరకు అమ్ముతున్నారో రాసుకోండి. సంక్రాంతి ముందు మాత్రం వెళ్లకండి. బొమ్మల కొలువు ఆర్డర్లతో ఎవరికీ ఊపిరాడదు, మీ ప్రశ్నలు వాళ్లకు టెన్షనే.

ఊళ్లోకి వెళ్లాక మొదటి రోజు ఏమీ అడక్కండి. చిన్న బొమ్మొకటి బేరమాడకుండా కొని, "కాసేపు కూర్చుని చూడొచ్చా బాబాయ్ గారూ?" అనండి. ఆ రోజుకి అంతే.

రెండో రోజు నుంచి చేతిలో ఉన్న వస్తువు గురించి అడగండి, కళ గురించి కాదు. ముందు కర్ర. ఇక్కడ వాడేది తెల్ల పొణికి. చాలా తేలిక, మెత్తన. అందుకే ఉలికి ఇట్టే లొంగుతుంది. (నిర్మల్ బొమ్మలకూ పొణికే, ఏటికొప్పాక వాళ్లది అంకుడు కర్ర, లక్కపని. ఈ తేడా తెలిసి వెళితే మిమ్మల్ని కాస్త లెక్కలో వేసుకుంటారు.) ఈ కర్ర ఏ కొండ నుంచి వచ్చింది, ఎవరు తెచ్చారు, ఎంతకు కొన్నారు, ముసురు పట్టిన రోజుల్లో ఎలా ఆరబెడతారు అని ఒక్కొక్కటే అడగండి. కర్ర దగ్గర మొదలైన మాట అడవి దాకా, అప్పు దాకా దానంతటదే వెళ్తుంది. డబ్బు సంగతి మీరుగా ఎత్తాల్సిన పని లేదు.

తర్వాత అతుకు. తల, చేతులు, కాళ్లు విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో అంటిస్తారు. ఆరాక ఆకురాయితో నునుపు చేసి, సున్నం పూసి, ఆపైన రంగులు వేస్తారు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. నోట్‌బుక్‌లో 'మక్కు' కొట్టేసి 'జిగురు పదార్థం' అని రాస్తారు. మాట మార్చితే సమాచారమే మారిపోయినట్టు. మక్కు చేతికి ఎలా తగలాలి, ఎప్పుడు పాడైందంటారు అనేవి వాళ్ల మాటల్లోనే ఉండాలి. వీలైతే ఓ ముద్ద కలిపి చూడండి. నేను కలిపింది ఎండి, బొమ్మ చెయ్యి ఊడొచ్చింది. ఆ రోజు నవ్వుల మధ్య విన్నన్ని సంగతులు వారం ఇంటర్వ్యూల్లో వినలేదు.

ఫొటోకి ప్రతిసారీ అడగాలి, నిన్న ఒప్పుకున్నారు కదా అని ఈ రోజు తీయకూడదు. ఇంకా అమ్మకానికి రాని డిజైన్‌ను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం ద్రోహమే. కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు (ఆ పేరును వేరేవాళ్లు వాడుకోకుండా కాపాడే జీఐ ట్యాగ్) ఉన్నా, నకలు చేసేవాడికి ఒక్క ఫొటో చాలు. రాత్రి పడుకునేలోపే నోట్స్ పూర్తి చేయండి, తెల్లారితే సగం పోతుంది.

చివరిగా, రాసింది తీసుకెళ్లి వాళ్లకే చదివి వినిపించండి. "రంగులు వేయడంలో ఆడవాళ్లు సాయపడతారు" అని నేను చదువుతుంటే, గుమ్మంలో కూర్చుని ఏనుగు తొండానికి రంగేస్తున్న ఆవిడ కుంచె ఆపింది. "సాయమేంటండీ? ఆయన చెక్కి పక్కన పడేస్తే అది కర్రే. బొమ్మ అయ్యేది నా దగ్గర."

ఆ పేజీ అక్కడే కూర్చుని తిరగరాశాను.